పొరుగింటి కేక ముందేల వచ్చెను?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో గ్రంథాలయాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరియుండిరి. దానిని వచ్చు సంవత్సరమునకు వాయిదా వేయుడని వారిని వేడుకొంటిమి. అంతకన్న ముందు తీర్చవలసిన బాకీ ఒకటి మాకు కలదు. అది ధనపు బాకీ కాదు, మాట బాకీ. ఈ హాలులో, ఇందరి యెదుట, ఒక యువకుని మేము నిందించితిమి. ఆ నింద తప్పని ఇటీవలనే తెలిసికొంటిమి. ఎందరి యెదుట నిందించితిమో అందరి యెదుటనే దానిని ఉపసంహరించుకొనుట ధర్మము. అయితే ‘తప్పైనది’ అని ఒక్కమాట చెప్పి కూర్చుండిన చాలదు. తప్పు ఎక్కడ జరిగినదో, ఏల జరిగినదో తెలియనిచో దానినే మరల చేయుదుము. కావున ఆ వివరము కొంత విస్తరించి చెప్పుటకు మీ అనుమతి కోరుచున్నాము.

2022 డిసెంబరు 18, ఆదివారము రాత్రి మీలో చాలమందికి జ్ఞాపకముండును. కతార్ దేశములో అర్జెంటీనా, ఫ్రాన్సు జట్లకు ప్రపంచకప్పు ఫుట్‌బాల్ తుది ఆట. మన కాలమానము ప్రకారము రాత్రి 8 గంటల 30 నిమిషములకు ప్రారంభము. బరంపురములోని మన ఈ హాలులో గోడపై పెద్ద తెర కట్టి, అంతర్జాలము ద్వారా ఆ ఆటను చూపవలెనని మన యువజన శాఖలోని ఒక పాలిటెక్నిక్ విద్యార్థి పూనుకొనెను. హాలు నిండెను. ఉగాదికి కూడ రాని పిల్లలు ఆనాడు వచ్చిరి. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దవారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందిన భారత జట్టును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడనియు, ఆ రెండు జట్లలోను ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాదువాడనియు పిల్లలకు చెప్పుచుండిరి. పిల్లలు చెవియొగ్గి వినుచుండిరి. ఆంగ్ల వ్యాఖ్యానము పెద్దలకు అందదని, మన విద్యార్థి ధ్వని తగ్గించి, తానే తెర ప్రక్కన నిలుచుండి తెలుగులో ఆట చెప్పసాగెను. ఒడియా బడిలో చదివిన ఆ కుర్రవాని తెలుగు అంత చక్కగా ఉండునని మేమెరుగము.

అర్జెంటీనాకు రెండు గోలులు, ఫ్రాన్సుకు సున్న. ఆట ముగింపునకు పది నిమిషములు మాత్రమే ఉన్నది. అంతలో పొరుగింటినుండి పెద్ద కేక వినవచ్చెను. వారు డిష్ టెలివిజను చూచుచుండిరి. మన తెరపై ఇంకను ఏమియు జరుగలేదు. ఏమైనదో యని హాలులో కలకలము రేగెను. మన తెరపై ఎంబాపే బంతిని పెనాల్టీ గుర్తుపై ఉంచి వెనుకకు నడచుచున్నాడు. అక్కడ బొమ్మ నిలిచిపోయెను. తెర నడుమ చిన్న చక్రము తిరుగసాగెను. అది తిరుగుచుండగనే పొరుగింటినుండి రెండవ కేక వచ్చెను. ఎంతసేపటికో బొమ్మ కదలునప్పటికి ఆట రెండు రెండుగా సమమైయున్నది. 97 సెకండ్ల వ్యవధిలో పడిన రెండు గోలులను హాలులో ఒక్కరును చూడలేదు.

పెద్దలు లేచిరి. ‘పని రానివానికి పెత్తన మిచ్చితిమి’ అని మేమే గట్టిగా అంటిమి. చౌక కనెక్షను పెట్టి సంఘము సొమ్ము మిగుల్చుకొనెనని మరియొకరు గొణిగిరి. ఆ మాట మా చెవిని పడినది, మేము ఖండింపలేదు. ఆ కుర్రవాడు మారుమాట పలుకక, మిగిలిన కొద్దిమందికి చివరివరకు ఆట చూపి, హాలు ఊడ్చి, తాళపుచెవి అప్పగించి వెడలిపోయెను. అదనపు సమయమున మూడు మూడుగా నిలిచిన ఆటలో అర్జెంటీనా పెనాల్టీలపై 4–2గా గెలిచినది. మన సంఘమునకు మాత్రము ఆ రాత్రి ఓటమియే. ఆ కుర్రవాడు తరువాత ఈ గడప తొక్కలేదు. అతనితోపాటు మిగిలిన పిల్లలును రాలేదు.

ఇక అసలు సంగతి. ఇటీవల మా యింట పండుగకు మనుమలందరు కూడినప్పుడు, టెలివిజనులో అంతర్జాలపు బొమ్మ మాటిమాటికి ఆగిపోవుచుండెను. కనెక్షను బాగుచేయువానిని పిలిపించితిమి. అతడు తీగ పరీక్షించి, ‘మాస్టారూ, లైను బాగుగనే ఉన్నది. మీ యింటిలో పదునాలుగు ఫోనులు ఒక్క వైఫైనే పంచుకొనుచున్నవి’ అనెను. ఆ క్షణమున ఆనాటి హాలు మా కన్నుల గట్టినది. మరునాడే ఆ విద్యార్థి యింటికి పోయితిమి. అతడు మమ్ము కూర్చుండబెట్టి ఓపికతో విషయమంతయు తెలిపెను. అతడు చెప్పినదానిని, తరువాత మేము చదివి తెలిసికొన్నదానిని కలిపి మీ ముందుంచుచున్నాము.

మొదటి ప్రశ్న: పొరుగింటి కేక ముందేల వచ్చెను? డిష్‌కు వచ్చు బొమ్మ భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నున్న ఉపగ్రహమునకు ఎక్కి దిగవలెను. మన బొమ్మ నేలపై తీగలలో వచ్చును. ఆకాశమునకు పోయి వచ్చునది ముందు, నేలపై వచ్చునది వెనుక పడుట వింతగా తోచును. కాని ఆ 72 వేల కిలోమీటర్లను దాటుటకు రేడియో తరంగమునకు పట్టునది పావు సెకండే. ఆలస్యము దూరమువలన కాదు, కట్టి పంపు విధానమువలన కలుగుచున్నది.

మన వారపత్రికనే దృష్టాంతముగా తీసికొందము. అంతర్జాలములో ప్రత్యక్ష ప్రసారము ధారగా రాదు. దానిని కొన్ని సెకండ్ల చొప్పున ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క సంచికవలె పంపుదురు. యాపిల్ సంస్థ 2009లో వెలువరించిన పద్ధతి ఇట్టిదే. నేడు బహుళముగా వాడుకలో నున్న పద్ధతులన్నియు ఈ త్రోవనే నడచుచున్నవి. ముక్క ఆరు సెకండ్లదైనచో, ఆ ఆరు సెకండ్ల ఆట జరుగనిదే ఆ ముక్క తయారు కాదు. తయారైన ముక్క మన యంత్రమునకు చేరినను వెంటనే చూపరు. మూడు ముక్కలైన చేత నుంచుకొని చూపుట ఆచారము. త్రోవలో ఒకటి ఆలస్యమైనను చూపుటకు నిలువ ఉండవలెను గదా! మూడారులు పదునెనిమిది సెకండ్లు. బొమ్మను కుదించుటకు, ఊరూరికి చేర్చుటకు పట్టు కాలమును కలిపినచో ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు నలుబది సెకండ్లు వెనుకబడుదుము. డిష్ ప్రసారమునకును కొన్ని సెకండ్ల ఆలస్యము లేకపోలేదు. కాని అందులో ఈ ముక్కల నిలువ లేదు.

సినిమా చూచునప్పుడు ఈ బాధ ఏల లేదని మీరడుగవచ్చును. సినిమా పూర్తియైన నవల. నిమిషముల తరబడి భాగమును ముందే తెచ్చి దాచుకొనవచ్చును. ప్రత్యక్ష ప్రసారము వారము వారము వచ్చు ధారావాహిక. రచయిత వ్రాయని ప్రకరణమును ఎంతటి పత్రికయైనను ముందుగా ఈయజాలదు. జరుగని ఆటను ఏ యంత్రమును నిలువ చేయలేదు. కావున ప్రత్యక్ష ప్రసారములో చేతనుండు నిలువ ఎల్లప్పుడును స్వల్పము. అది తరిగినచో చక్రము తిరుగును. ముక్కలను ఇంకను చిన్నవి చేసి ఆలస్యమును కొలది సెకండ్లకు తగ్గించు పద్ధతులు వచ్చినవి. కాని నిలువ తగ్గినకొలది చిన్న ఆటంకమునకే బొమ్మ ఆగు భయము హెచ్చును. ఆలస్యము, ఆటంకము అను రెండింటిలో ఒకదానిని అణచిన రెండవది తలయెత్తును.

రెండవ ప్రశ్న: భారమెంత? మంచి బొమ్మ ఒక్కటి 20 లక్షల 73 వేల 600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు తెలుపుటకు 24 బిట్లు, సెకండునకు 25 బొమ్మలు అనుకొన్నచో సెకండునకు 124 కోట్ల బిట్లు పంపవలెను. అది ఇండ్లకు సాధ్యము కాదు. కావున ముందు బొమ్మకును వెనుక బొమ్మకును గల భేదమును మాత్రమే పంపి, 50 లక్షల బిట్లకు, అనగా సుమారు 250వ వంతునకు కుదింతురు. వార్తలు చదువువాని ముఖము కదలదు, గోడ కదలదు, కుదించుట సులభము. ఫుట్‌బాల్‌లో పచ్చిక అంతయు కదలును, జనము కదలును, కెమెరా ఊరకుండదు. కావున ఎక్కువ బిట్లు కావలెను. త్రోవ ఇరుకైనప్పుడు యంత్రము తనంత తానే తక్కువ నాణ్యత గల ముక్కలను కోరుకొనును. అప్పుడు మొదట మాయమగునది బంతియే. ఆటగాండ్రు పరుగిడుచుందురు, బంతి కానరాదు. ఆ మసకయు నిలువ నిలుపుకొనుటకు యంత్రము చేయు ప్రయత్నమే గాని పనివాని అలక్ష్యము కాదు.

మూడవది: టెలివిజను ప్రసారము కోవెల మైకువంటిది. పదిమంది విన్నను పదివేలమంది విన్నను మైకునకు శ్రమ ఒక్కటే. అంతర్జాల ప్రసారము చందాదారులకు పత్రిక పంపుటవంటిది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రతి, ఒక్కొక్క చిరునామా. లక్షమంది చూచినచో సెకండునకు 50 వేల కోట్ల బిట్లు కావలెను. అందుచేత పెద్ద సంస్థలు ప్రతులన్నిటిని ఒకే చోటినుండి పంపక, నగరముల యందలి యంత్రములలో ముక్కల ప్రతులను ఉంచి అక్కడనుండి పంచును. అయినను అందరును ఒకే నిమిషమున తలుపు తట్టినచో చిక్కు తప్పదు. 2018 ప్రపంచకప్పు వేళ ఆస్ట్రేలియాలో అంతర్జాలము ద్వారా ఆటలు చూపు హక్కు పొందిన సంస్థ తొలి దినములలోనే విఫలము కాగా, ప్రజల ఆగ్రహము ప్రధానమంత్రి మాల్కం టర్న్‌బుల్ వరకు పోయినది. తుదకు ఆటలను ఎస్.బి.ఎస్. అను ప్రజా ప్రసార టెలివిజనులో చూపవలసి వచ్చెను. మన దేశమున 2022 నవంబరు 20న ప్రపంచకప్పు తొలి ఆటనాడు బొమ్మ ఆగిపోవుచున్నదని ఎందరో మొరపెట్టుకొనిరి. సరిగా సిద్ధపడిన పెద్ద భారమును మోయవచ్చుననుటకును నిదర్శనము కలదు. 2023 నవంబరు 19న క్రికెట్ ప్రపంచకప్పు తుది ఆటను 5 కోట్ల 90 లక్షలమంది ఏకకాలమున అంతర్జాలములో చూచిరని ప్రసార సంస్థ ప్రకటించినది.

అయితే మన హాలులో ఆగినది ఆ పెద్ద త్రోవలలో ఎక్కడనో కాదు. ఇక్కడనే, ఈ గోడల నడుమనే. ఇది నాలుగవదియు, ముఖ్యమైనదియు.

వైఫై అనునది ఒక సభవంటిది. ఒకే గాలిలో అందరును మాటలాడవలెను. ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారు ఆగవలెను. ఇద్దరు ఒక్కసారి నోరెత్తిన ఇద్దరి మాటయు చెడును, మరల చెప్పవలెను. దూరమున నుండి సన్నగా మాటలాడువాడు నెమ్మదిగా మాటలాడును. అతని నెమ్మదివలన అందరి కాలము హరించును. మన రౌటరు ఆఫీసు గదిలో, రెండడుగుల పాతకాలపు గోడ వెనుక నున్నది. ఆ విద్యార్థి ఆనాటి మధ్యాహ్నము పరీక్షించినప్పుడు హాలులో ఉన్నవి రెండు ఫోనులు; బొమ్మ అద్దమువలె వచ్చినది. రాత్రి ఆట నడుమ అతడు రౌటరు పట్టిక చూచునప్పటికి 58 యంత్రములు దానిని పట్టుకొని యున్నవి. హాలు రహస్యపదము పిల్లలకు చెప్పినదెవరు? మేమే. ‘పాపము, అడిగినారు గదా’ అని గోడపై కాగితము అంటించినదియు మేమే.

అయినను ఎనుబదవ నిమిషము వరకు బొమ్మ నడచినదే. ఫోనులు జేబులలో నున్నవి గనుక. అప్పుడు పొరుగింటి కేక వచ్చెను. అది మన తెరకన్న సుమారు అర నిమిషము ముందున్నది. ‘ఏమైనది? ఏమైనది?’ అని హాలులోని వారందరు ఒక్క పెట్టున ఫోనులు తీసిరి. ఒకరు గోలుల పట్టిక తెరచిరి. ఒకరు అదే ఆటను తమ ఫోనులో పెట్టిరి. ఒకరు స్నేహితునకు వీడియో పంపిరి. ఆ క్షణమున గాలి నిండిపోయెను. తెరకు బొమ్మ నందించు యంత్రమునకు క్రొత్త ముక్క రాలేదు. చేతనున్న నిలువ ఇరువది సెకండ్లలో అయిపోయినది. సరిగా ఎంబాపే బంతి నుంచి వెనుకకు నడచు సమయమునకు చక్రము తిరుగుటకు కారణమిదే. తరువాత త్రోవ దొరకినప్పుడు యంత్రము పోయిన ముక్కలను విడిచి, అప్పటి ఆటకు దుమికినది. రెండు గోలులు ఆ దుముకులో పోయినవి.

ఆ రాత్రి మొట్టమొదట జేబులోనుండి ఫోను తీసినవారిలో మేమును ఒకరము. తీసి, ఒక చేత దానిని పట్టుకొనియే, మరియొక చేత ఆ కుర్రవానిని చూపి నిందించితిమి.

‘ఈ మాట ఆనాడే ఏల చెప్పలేదు నాయనా?’ అని అడిగితిమి. ‘మాస్టారూ, మీరందరు కోపముగా నుంటిరి. ఫోనులు మూయుడని చెప్పిన, తన తప్పు పెద్దలపై నెట్టుచున్నాడందురని ఊరకుంటిని’ అనెను. కనెక్షను రశీదును కూడ భద్రపరచి యుంచినాడు. సంఘము ఇచ్చినదానికన్న 340 రూపాయలు అతడే చేతినుండి వేసికొన్నాడు. ఆ సొమ్మును ఇప్పుడు కోశాధికారిగారికి మేము చెల్లించుచున్నాము. వారు దానిని అతనికి అందజేయుదురు.

ఇకమీదట మన హాలులోనే గాక, సోదర సంఘముల భవనములలోను ఇట్టి కూడికలు జరుపువారికి ఆ విద్యార్థి చెప్పిన జాగ్రత్తలు ఇవి. తెరకు బొమ్మ నందించు యంత్రమును వైఫైకి విడువక, రౌటరునకు తీగతోనే కలుపవలెను. ఆరు బారల తీగ ఈ అవమానము నంతయు తప్పించి యుండెడిది. రహస్యపదమును ఆనాటికి మార్చి, చూపువారు తప్ప ఇతరులెరుగకుండ ఉంచవలెను. తీగ వేసినను, ఇంటి కనెక్షను నంతయు ఫోనులు త్రాగివేయగలవు. పరీక్ష ఖాళీ హాలులో మధ్యాహ్నము గాక, ముందునాటి రాత్రి అదే వేళకు చేయవలెను. ఖాతా తెరచుట మొదలగు పనులు అరగంట ముందే ముగింపవలెను. అత్యుత్తమ నాణ్యతకు ఆశపడక, నిలుకడగా వచ్చు మధ్యమ నాణ్యతను ఎంచుకొనవలెను. కరెంటు పోయినప్పుడు తెరకే గాక రౌటరునకును ఇన్వర్టరు ఆధారముండవలెను. వేరొక కంపెనీ ఫోను కనెక్షనును అక్కరకు సిద్ధముగా నుంచవలెను. అయితే రెండు గంటల మంచి బొమ్మకు నాలుగున్నర గిగాబైట్లు వ్యయమగునని, రోజుకు ఒకటిన్నర రెండు గిగాబైట్ల పరిమితి గల ఫోను సరిపోదని ముందే ఎరిగి యుండవలెను. ఇంటి చందాతో పదిమందికి చూపుటకు హక్కుదారుల అనుమతి అవసరమా యని విచారించి, అవసరమైనచో పొందవలెను. బొమ్మ ఆగినదని ఎవరో చూపిన దొంగదారిని తెరువరాదు. ఆ రాత్రి ఒకరు అట్లు తెరువగా పిల్లల యెదుట జూదపు ప్రకటనలు తెర నిండినవి.

చివరి జాగ్రత్త యంత్రమునకు సంబంధించినది కాదు, మనకు సంబంధించినది. పొరుగింటి కేక ఎప్పుడును ముందే వినవచ్చును. దానిని ఆపలేము. కేక విన్నప్పుడు ఫోను తీయక, అర నిమిషము ఓర్చుకొని కూర్చుండుట మాత్రము మన చేతిలోనిది. అట్లు కూర్చున్నవారికి గోలు తప్పక కనబడును.

ఆ రాత్రి మనకు వచ్చిన నష్టము రెండు గోలులు కాదు. అవి తరువాత ఎన్ని మారులైనను చూడవచ్చును. మన పిల్లలు మన హాలులో, మన పెద్దల ప్రక్కన కూర్చుండి, మన భాషలో ఒక ఆటను విని నవ్విన ఎనుబది నిమిషములు మరల రాలేదు. దానికి మా తొందరపాటు కారణము. ఆనాటి బొమ్మ అర నిమిషము ఆలస్యము. మా క్షమాపణ ఏండ్లు ఆలస్యము. ఇట్లయినను చేరినందుకు సంతోషింపవలసియున్నది.

ఆ విద్యార్థి నేడు ఉద్యోగస్థుడై ఈ సభలో చివరి వరుసలో కూర్చున్నాడు. పేరు చెప్పవద్దని మమ్ము కోరినాడు గనుక చెప్పము. నాయనా, ఈ సభలో నీయందు మోపిన నిందను మేము పూర్తిగా ఉపసంహరించుకొనుచున్నాము. నిన్ను క్షమాపణ వేడుచున్నాము. మరల ఒక ఆట చూపుము. తీగ మేము కొనిపెట్టుదుము. ఫోనులు గుమ్మమువద్ద పళ్ళెములో పెట్టించు పని మేమే చేయుదుము. మొదట మా ఫోనే పెట్టుదుము. నీవు తెర ప్రక్కన నిలుచుండి తెలుగులో ఆట చెప్పుము. ఈసారి బొమ్మ ఆగినను, నీ మాట ఆగనీయము.